అప్‌గ్రేడ్ తరవాత వేడి: డెస్క్‌టాప్ కంప్యూటర్ చరిత్రలో ఒక అధ్యాయం

పాత డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్‌నో గ్రాఫిక్స్ కార్డునో మార్చిన కొద్ది రోజులకు చాలామంది ఒకే రకమైన ఫిర్యాదు చేస్తారు. ఫ్యాన్ రొద పెరిగింది, కాసేపు పనిచేయగానే యంత్రం మందగిస్తోంది, ఒక్కోసారి దానంతట అదే ఆగిపోతోంది. కొత్తగా కొన్న భాగంలోనే లోపం ఉందని ముందుగా అనుమానిస్తాం. కాని ఆ భాగం సక్రమంగానే ఉండి, దాన్ని అమర్చిన క్యాబినెట్ వేరొక కాలానికి చెందినది కావడం తరచుగా జరుగుతుంది. మీ కంప్యూటర్‌లోని భాగాలు ఒక్కొక్కటి ఒక్కో సంవత్సరానివి కావచ్చు, వాటి వేడి బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. ఆ దారి ఎప్పుడు, ఎంత వేడి కోసం ఏర్పడిందో తెలుసుకొంటే సమస్య సగం అర్థమవుతుంది.

హీట్‌సింక్ లేని రోజులు

గది నిండా ఉండే తొలి యంత్రాలకు వేడి పెద్ద సమస్యే. 1946లో లోకానికి తెలిసిన ఎనియాక్ దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తు తీసుకొనేది. బల్లమీది కంప్యూటర్ వచ్చేసరికి ఆ బెడద తీరినట్లే కనిపించింది. 1981లో ఐ.బి.ఎం. విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో 4.77 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8088 ప్రాసెసర్ మీద హీట్‌సింక్ కూడా లేదు. యంత్రం మొత్తానికి 63.5 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. సరిపోయింది. లోపలి గాలిని కదిలించడానికి అందులోని ఫ్యాన్ ఒక్కటే ఆధారం. డెస్క్‌టాప్ క్యాబినెట్ రూపం స్థిరపడింది ఇలాంటి రోజుల్లోనే.

1993లో వచ్చిన తొలి పెంటియం ప్రాసెసర్లు 5 ఓల్టులతో పనిచేసి బాగా వేడెక్కేవి. మరుసటి ఏడాది వచ్చిన నమూనాలు 3.3 ఓల్టులకు దిగాయి. ఇక్కడొక లెక్క గుర్తుంచుకోండి. ప్రాసెసర్ తీసుకొనే విద్యుత్తు స్థూలంగా దాని వేగానికి, ఓల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక వేగం మారకుండా 5 ఓల్టుల నుంచి 3.3 ఓల్టులకు దిగితే వేడి సగానికంటే తక్కువకు పడిపోతుంది. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేస్తూ అదే నిష్పత్తిలో ఓల్టేజిని తగ్గిస్తే, చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగదని ఐ.బి.ఎం.లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లోనే చూపారు. తరవాతి మూడు దశాబ్దాలు పరిశ్రమ ఆ సూత్రం మీదే నడిచింది.

అప్‌గ్రేడ్ వల్ల వచ్చే వేడిని తయారీదారులు గుర్తించకపోలేదు. పాత 486 బోర్డుల్లో పెట్టుకోవడానికి 1995లో ఇంటెల్ అమ్మిన పెంటియం ఓవర్‌డ్రైవ్ ప్రాసెసర్ తన ఫ్యాన్‌ను తనతోనే తెచ్చుకొంది. ఫ్యాన్ సరిగా తిరగకపోతే అది తన వేగాన్ని తానే తగ్గించుకొనేది. పాత క్యాబినెట్‌ను నమ్మలేమని తయారీదారే ఒప్పుకొన్నట్లు దీన్ని చదవవచ్చు.

2004: చిన్నదైనా చల్లబడని చిప్

ఈ చరిత్రలో అసలు మలుపు 2004 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు నార్త్‌వుడ్ అనే పెంటియం 4 ప్రాసెసర్‌ను 130 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేసేవారు. దాని స్థానంలో 90 నానోమీటర్ల ప్రెస్కాట్ వచ్చింది. రెండూ సాకెట్ 478లో దొరికేవి. వేగం కూడా అదే 3.4 గిగాహెర్ట్జ్. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యాయి కాబట్టి వేడి తగ్గాలి. కాని నార్త్‌వుడ్‌కు 89 వాట్ల శీతలీకరణ నిర్దేశిస్తే, ప్రెస్కాట్‌కు 103 వాట్లు నిర్దేశించవలసి వచ్చింది. అంకె చూసి, సాకెట్ చూసి, ఒకటి తీసి మరొకటి పెట్టినవారికి వేగంలో పెద్ద తేడా కనిపించకుండానే అదనపు వేడి చేతికొచ్చింది.

దీనికి కారణాలు ఒకటికంటే ఎక్కువ. ట్రాన్సిస్టర్ల సంఖ్య 5.5 కోట్ల నుంచి 12.5 కోట్లకు పెరిగింది. ఇంకా ఎక్కువ వేగాలను ఆశించి ఆదేశాల పైప్‌లైన్‌ను 20 దశల నుంచి 31 దశలకు పొడిగించారు. అన్నిటికంటే ముఖ్యమైనది లీకేజి. ట్రాన్సిస్టర్ ఆపేసి ఉన్నప్పుడు కూడా కొంత కరెంటు కారిపోతుంది. మరీ చిన్న పరిమాణాల్లో ఆ కారిపోయేది కొట్టిపారేయలేనంత అయింది. ఓల్టేజిని ఇంకా దించుదామంటే లీకేజి మరింత పెరుగుతుంది. డెనార్డ్ సూత్రం ఇక్కడే చిక్కుబడింది.

ఫలితం వెంటనే కనిపించింది. ప్రెస్కాట్ తరవాత రావలసిన టెజాస్ ప్రాసెసర్‌ను 2004 మేలో, 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను అదే అక్టోబరులో ఇంటెల్ రద్దుచేసింది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో రెండు కోర్లతో, 2.4 గిగాహెర్ట్జ్ వంటి తక్కువ వేగంతో 65 వాట్లకు దిగింది. గిగాహెర్ట్జ్ పరుగు ఆగి ఒకే చిప్‌లో ఎక్కువ కోర్లు రావడాన్ని కేవలం వ్యాపార వ్యూహంగా వివరించేవారున్నారు. ఆ వివరణ సరిపోదు. వేడి ముందు దారి మూసేసింది గనుకనే పరిశ్రమ పక్కదారి పట్టింది.

క్యాబినెట్ చరిత్ర మాత్రం మరోలా నడిచింది. 1995 నాటి ఏ.టి.ఎక్స్. ప్రమాణం మొదట్లో ఎస్.ఎం.పి.ఎస్. ఫ్యాన్ బయటి గాలిని లోపలికి, ప్రాసెసర్ మీదికి ఊదాలని భావించింది. ఆ గాలి ఎస్.ఎం.పి.ఎస్.లోనే వేడెక్కి వస్తుంది, ధూళినీ తెస్తుంది. అందుకే ఆ తరవాత దిశ మార్చారు. పెంటియం 4 వేడిని దృష్టిలో పెట్టుకొని, గాలి ముందునుంచి వెనక్కి నేరుగా పోయేలా బి.టి.ఎక్స్. అనే కొత్త అమరికను ఇంటెల్ ప్రతిపాదించింది. ప్రాసెసర్లు చల్లబడ్డాక 2006లో దాన్ని ముందుకు తీసుకుపోవడం మానేసింది. కాబట్టి నేటికీ మన బల్లకింద ఉన్నది ఏ.టి.ఎక్స్. వంశమే.

వేడి చోటు మారింది

ప్రాసెసర్ తగ్గినచోట గ్రాఫిక్స్ కార్డు పెరిగింది. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అది చాలక విడిగా తీగలు కలపవలసి వచ్చింది. 2022లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4090 కార్డుకు 450 వాట్లు నిర్దేశించారు. 1981 నాటి యంత్రం మొత్తానికి సరిపోయిన దానికి ఇది ఏడు రెట్లు. ఇటువంటి కార్డుల్లో చాలావాటి ఫ్యాన్లు వేడిని క్యాబినెట్‌లోకే వదులుతాయి. ఆ గాలినే ప్రాసెసర్ ఫ్యాన్ పీల్చుకొంటుంది. మార్చింది గ్రాఫిక్స్ కార్డును, వేడెక్కింది ప్రాసెసర్ అనే విచిత్రానికి కారణం ఇదే. అప్పుడు ప్రాసెసర్‌కు ఖరీదైన కూలర్ కొన్నా ప్రయోజనం కొద్దిగానే ఉంటుంది.

గదిని కూడా లెక్కలోకి తీసుకోండి. గాలితో చల్లబరిచే ఏ హీట్‌సింకూ గది ఉష్ణోగ్రతకంటే కిందికి దించలేదు. ఏ.సి. గదిలో 25 డిగ్రీల దగ్గర చేసిన సమీక్షలో 70 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 42 డిగ్రీల గదిలో అదే పని చేస్తే 87 దగ్గరికి వస్తుంది.

మీ యంత్రంలో ఏ కాలపు లోపం ఉందో తెలుసుకోవడానికి డబ్బు అక్కరలేదు. ముందు ధూళి తుడవండి. ఒక బరువైన పనిని అరగంట నడిపి ఉష్ణోగ్రత రాసుకోండి. తరవాత క్యాబినెట్ పక్క రేకు విప్పి, ఫ్యాన్లకు చెయ్యి తగలకుండా, అదే పనిని మళ్ళీ అరగంట నడపండి. ఉష్ణోగ్రత బాగా తగ్గితే పాతబడినది గాలి దారి. ముందువైపు లోపలికి, వెనకవైపు బయటికి ఒక్కో ఫ్యాన్ చేర్చితే చాలావరకు సరిపోతుంది. తగ్గకపోతే కొత్త ప్రాసెసర్ మీద హీట్‌సింక్ సరిగా కూర్చోలేదేమో, థర్మల్ పేస్ట్ ఎండిపోయిందేమో, లేదా పాత ప్రాసెసర్‌కు వచ్చిన హీట్‌సింక్‌నే దీనికీ బిగించారేమో చూడండి.