వాద్యానికి కొయ్య: వెలిగొండ ఎర్రచందనం కథ

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగి ఉన్నాయి. వాటి తూర్పు వైపున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు ఉన్నాయి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి జయించిన దుర్గంగా ఉదయగిరి పేరును చరిత్ర పాఠాలలో చదువుకుంటాము. ఈనాడు ఆ ఊరు చెక్క చెంచాలకు, గరిటెలకు పేరు పొందినది. అక్కడి పనివారు చుట్టుపట్ల కొండలలో దొరికే నర్ది, కల్ది, బిక్కి మొదలైన కొయ్యలను వాడుతారు. నోటిలో పెట్టుకొనే చెంచాకు వాసన లేనిది, పెచ్చులు లేవనిది, ఉలికి లొంగేది అయిన కొయ్య కావాలి గదా!

ఈ వెలిగొండలలోనే పెరిగే మరొక చెట్టు ఎర్రచందనం. దీని కొయ్య సముద్రాలు దాటి జపానులో ఒక తంత్రీవాద్యానికి దండిగా అమరినది. కాని మన వీణను చేసేవారు దీనిని కాక పనసను ఎన్నుకున్నారు. గిటారు చేసే పాశ్చాత్యులు ముఖపలకకు స్ప్రూస్ అనే చలిదేశపు మెత్తని కొయ్యను వాడుతారు. ఈ ఎంపికలకు కారణమేమి? దీనిని తెలుసుకోవాలంటే ముందుగా వాద్యంలో కొయ్య చేసే పనిని గమనించాలి.

తీగ, పలక

మీటిన తీగ సన్ననిది. అది గాలిని చీల్చుకొని ఊగుతుందే గాని ఎక్కువ గాలిని కదపలేదు. గోడకు కొట్టిన రెండు మేకుల మధ్య తీగను బిగించి మీటితే వినబడే ధ్వని ఎంత స్వల్పమో విద్యార్థులు చూచే ఉంటారు. అదే తీగను ఒక పెట్టె మీద బిగిస్తే ధ్వని ఎన్నో రెట్లు పెరుగుతుంది. తీగ కంపనాలు గుర్రం ద్వారా పలకకు చేరుతాయి. పలక వైశాల్యం ఎక్కువ కాబట్టి అది ఎక్కువ గాలిని కదిపి ధ్వనిని నలుదిక్కులకు పంపుతుంది.

తీగలోని కొద్దిపాటి శక్తితోనే పలక కదలాలి. కనుక పలక తేలికగా ఉండాలి. తీగల లాగుడుకు వంగిపోకుండా బిగువుగానూ ఉండాలి. ఈ రెండు గుణాలు ఒకే కొయ్యలో కుదరడం అరుదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి ఎంతో తేలికైనది, కాని దానికి బిగువు చాలదు. తుమ్మకు బిగువు ఉన్నది, కాని అది బరువు.

ఈ సంగతిని భౌతికశాస్త్రం ఒక చిన్న సూత్రంలో చెబుతుంది. కొయ్యలో పోగుల వెంబడి ధ్వని ప్రయాణించే వేగం, ఆ కొయ్య స్థితిస్థాపక గుణకాన్ని సాంద్రతతో భాగించగా వచ్చిన దాని వర్గమూలానికి సమానం. స్ప్రూస్ సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 0.43 గ్రాములు. దానిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 5,000 మీటర్లు, అనగా గాలిలోని వేగానికి దాదాపు 15 రెట్లు. ఈ వేగాన్ని సాంద్రతతో భాగిస్తే ఆ కొయ్య ధ్వనిని ఎంత సులభంగా వెదజల్లుతుందో తెలుస్తుంది. జిట్రేగి వంటి బరువు కొయ్యకంటె స్ప్రూస్‌కు ఈ అంకె సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. అందుకే గిటారు ముఖపలకకు స్ప్రూస్ స్థిరపడినది.

వెనుక పలక, ప్రక్క పలకల మాటేమి? 19వ శతాబ్దపు స్పెయిన్ శిల్పి ఆంటోనియో డి టోరెస్ ఈ ప్రశ్నకు ఒక వింత ప్రయోగంతో సమాధానం వెదికాడు. 1862లో అతడు ముఖపలకను మంచి కొయ్యతోనూ, వెనుక భాగాన్నీ ప్రక్కలనూ కాగితపు గుజ్జుతో చేసిన అట్టతోనూ గిటారు చేశాడు. ధ్వనికి ప్రాణం ముఖపలకలోనే ఉన్నదని చూపడం అతని ఉద్దేశం.

పనస వీణ

మన వీణ నిర్మాణం వేరు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే శిల్పులు పనస కొయ్యను వాడుతారు. కుండ, దండి కలిపి ఒకే మానులో తొలిచిన దానిని ఏకాండి వీణ అంటారు. అంత పెద్ద మాను దొరకాలి. లోపల తొలచడానికి మెత్తగా ఉండాలి. ఆరిన తరువాత పగలరాదు, చెద పట్టరాదు. పెరటి చెట్టయిన పనస ఈ అవసరాలన్నీ తీరుస్తుంది. ఘనపు సెంటీమీటరుకు సుమారు 0.6 గ్రాముల సాంద్రత గల ఈ కొయ్య మరీ తేలికా కాదు, మరీ బరువూ కాదు. పైపలకకూ కుండకూ ఒకే జాతి కొయ్య సరిపోవడానికి ఇది తోడ్పడింది.

రంగుచెక్క వాద్యపు కొయ్య అయిన విధం

ఇక ఎర్రచందనం. దీని శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. పేరులో చందనం ఉన్నదే గాని దీనికి శ్రీగంధపు సువాసన లేదు. కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు అని మనం చిరకాలంగా పిలిచిన జిల్లాల కొండలలోనూ, వాటిని ఆనుకొని తమిళనాడులో కొద్దిగానూ తప్ప ఇది ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దీని చేవ నీటిలో మునిగేటంత బరువు.

17, 18 శతాబ్దాలలో ఐరోపా వర్తకులు కోరమండల్ తీరం నుండి దీనిని కొనుక్కుపోయినది ప్రధానంగా రంగు కోసం. చేవలోని శాంటలిన్ అనే ఎర్రని పదార్థం బట్టల అద్దకానికి పనికివచ్చేది. 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ కృత్రిమ రంగును కనుగొన్నాడు. అటుపిమ్మట చెట్ల నుండి తీసే రంగులకు గిరాకీ తగ్గిపోయినది.

20వ శతాబ్దంలో జపాను ఎర్రచందనాన్ని మరొక పని కోసం కోరినది. అక్కడ షామిసెన్ అనే మూడు తీగల వాద్యం ఉన్నది. దాని పెట్టెకు చర్మం మూత. అనగా గాలిని కదిపే పని చర్మానిది. దండి పని వేరు. తీగల లాగుడుకు అది వంగరాదు, వ్రేళ్ళ రాపిడికి అరగరాదు, తీగ శక్తిని తాను మ్రింగరాదు. ఇందుకు ఎర్రచందనం శ్రేష్ఠమని జపాను పనివారు నిర్ణయించారు. వారు దీనిని కోకి అంటారు. కొన్ని చెట్లలో మాత్రమే పోగులు అలలు అలలుగా ఉంటాయి. అట్టి కొయ్యకు వెల మరీ ఎక్కువ.

ఇటువంటి కథే బ్రెజిల్‌లోనూ జరిగినది. అక్కడి పెర్నంబుకో చెట్టు కూడా మొదట ఎర్ర రంగు కోసమే ఐరోపాకు పోయి, 18వ శతాబ్దం చివర నుండి వయొలిన్ కమానులకు ప్రసిద్ధి కెక్కినది. ఏ కొయ్యలోనైనా కంపనాల శక్తి కొంత లోపలి రాపిడి వల్ల వేడిగా మారి నశిస్తుంది. పెర్నంబుకో చేవలో పేరుకొన్న కొన్ని రసాయన పదార్థాలు ఈ అంతర్ఘర్షణను తగ్గిస్తాయని 1990లలో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

పేరు గొప్పా, గుణం గొప్పా?

కీర్తి చెట్లకు ముప్పు తెచ్చినది. గిటారు వెనుక పలకలకు శ్రేష్ఠమని పేరు పడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై, అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో భారతదేశపు జిట్రేగికి మారినది. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటెస్ ఒడంబడిక దాదాపు నిషేధించినది. 1995లో ఎర్రచందనం కూడా ఆ ఒడంబడికలోని రెండవ అనుబంధంలో చేరినది. దీనికి చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. అడవిలో దొంగచాటుగా నరికేవానికి ఒక్క రాత్రి చాలు. నేడు వాద్యాలకంటె చైనాలో విలాసపు సామాను కోసం దీనికి గిరాకీ ఎక్కువ.

ఇంతకూ అరుదైన కొయ్య లేకుంటే వాద్యం పలకదా? 2018లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి ఫలితాన్ని ప్రకటించారు. వెనుక, ప్రక్క కొయ్యలు మాత్రమే వేరుగా ఉండి, తక్కినవన్నీ ఒకటిగా ఉండే ఆరు గిటార్లు చేయించారు. కొయ్య కనబడకుండా 52 మంది వాద్యకారుల చేత వాయింపజేశారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ గిటారుకూ, సులభంగా దొరికే కొయ్యల గిటార్లకూ వారిచ్చిన మార్కులు దాదాపు సమానం. టోరెస్ అట్టతో సూచించిన విషయం 156 సంవత్సరాల తరువాత మరింత జాగ్రత్తగా చేసిన పరీక్షలోనూ నిలిచినది.

తరగతిలో ఒక ప్రయోగం

ఈ గుణాలను బడిలోనే పరీక్షించవచ్చును. వడ్రంగి దగ్గర టేకు, వేప, మామిడి, తుమ్మ ముక్కలు తెచ్చి, పోగుల వెంబడి 30 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందం ఉండేటట్లు చిత్రిక పట్టించండి. ప్రతిదాని ఘనపరిమాణం 90 ఘనపు సెంటీమీటర్లు. బరువును 90తో భాగిస్తే సాంద్రత వస్తుంది. తరువాత ముక్కను ఒక కొస నుండి 6.7 సెంటీమీటర్ల దగ్గర రెండు వ్రేళ్ళతో తేలికగా పట్టుకొని, నడుమ పెన్సిలుతో తట్టండి. ముక్క కంపించేటప్పుడు ఆ చోటు కదలదు, కనుక వ్రేళ్ళు ధ్వనిని ఆపవు. కొలతలు ఒకటే కాబట్టి, స్వరం ఎంత హెచ్చితే ఆ కొయ్యలో ధ్వని వేగం అంత ఎక్కువ. మ్రోత ఎంతసేపు నిలిస్తే అంతర్ఘర్షణ అంత తక్కువ. ఫలితాలను పట్టికగా వ్రాసి, ఏ ముక్క పలకకు తగినదో, ఏది దండికి తగినదో విద్యార్థుల చేతనే చెప్పించండి.

పూర్వపు శిల్పులు చెవితో, చేతితో ఎరిగినదానిని నేడు కొలిచి చూడగలుగుతున్నాము. ఏ భాగానికి ఏ గుణం అవసరమో తెలిస్తే, అదే గుణం గల సులభమైన కొయ్యను వెదకవచ్చును. అప్పుడు వాద్యానికి లోటు రాదు, వెలిగొండల మీది ఎర్రచందనానికి చేవ పట్టేటంత కాలం దక్కుతుంది.