హక్కు అడిగిన ఊళ్లు: విశాఖ తీరంలో ఆబాదీ ఎలా పెరిగింది?

విశాఖ పాత నగరంలో, ఓడలు రేవులోకి వచ్చే దారి పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద చర్చి, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. జియారత్‌కి వెళ్లినప్పుడు పైన కాసేపు నిలబడి చుట్టూ చూడండి. ఇప్పుడు కనిపించే షహర్‌లో చాలా భాగం మన నానా, దాదాల జమానాలో పొలాలు, తోటలు, మత్స్యకారుల పల్లెలే.

1933లో రేవు మొదలైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. రోజీ రోటీ వెతుక్కుంటూ ఇరుగుపొరుగు జిల్లాల జనం వచ్చారు. 1951లో లక్ష పైచిలుకు ఉన్న ఆబాదీ 1971 నాటికి మూడున్నర లక్షలు దాటింది.

తర్వాత ఉక్కు కర్మాగారం. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదం వినని తెలుగువాళ్లు ఉండరు. అందులోని హక్కు మన 'హక్' నుంచి వచ్చిన లఫ్జే. 1966 ఉద్యమంలో 32 మంది జాన్ ఇచ్చారు. 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాల నుంచి దాదాపు 22 వేల ఎకరాల జమీన్ తీసుకున్నారు. ఇళ్లు ఖాళీ చేసిన ఖాందాన్‌లకు ఆర్ కార్డులు ఇచ్చారు, ఉద్యోగం వస్తుందన్నారు. చాలామందికి వచ్చింది. అందరికీ రాలేదు. కార్డు పట్టుకుని ఎదురుచూస్తూ ముసలివాళ్లయినవాళ్లు ఉన్నారు.

ఉక్కు వల్లే పక్కనున్న గాజువాక కస్బా కాస్తా పెద్ద షహర్ అయింది. పునరావాస కాలనీలు, వాటి చుట్టూ కిరాయి ఇళ్లు, తర్వాత అపార్ట్‌మెంట్లు వచ్చాయి. 2001 నాటికే అక్కడి ఆబాదీ రెండున్నర లక్షలు దాటింది.

ఇక్కడ లెక్కల్లో ఒక పేచీ ఉంది. విశాఖ నగర జనాభా 2001లో దాదాపు 9.8 లక్షలు, 2011లో 17.3 లక్షలు. పదేళ్లలో ఏడున్నర లక్షలు పెరిగిందా అని హైరాన్ పడతాం. అసలు సంగతి వేరు. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ చేశారు. 111 చదరపు కిలోమీటర్ల షహర్ ఐదు వందలు దాటిపోయింది. చుట్టుపక్కల పట్టణ ప్రాంతాన్నంతా కలిపి చూస్తే 2001లోనే దాదాపు 13.5 లక్షల మంది ఉన్నారు. అంటే జనం పెరిగారు నిజమే, కానీ దాంతో పాటు సరిహద్దు కూడా జరిగింది.

ఉత్తరాన భీమిలిదీ అదే కిస్సా. ఒకప్పుడు డచ్చివాళ్లు తిజారత్ చేసిన రేవు అది. 1861లోనే మున్సిపాలిటీ అయిన కస్బా. 2013లో అది కూడా మహా విశాఖలో కలిసింది. మధ్యలో మధురవాడ, రుషికొండ. ఐటీ కంపెనీలు వచ్చాక కొండల వాలు దాకా ఇళ్లు లేచాయి.

తవారీఖ్ చెప్పే సబక్ ఒకటే. షహర్ ఖాళీ జాగాలో పెరగదు, ఎవరిదో ఊరి మీద పెరుగుతుంది. నినాదంలో హక్ అందరిదీ. జమీన్ ఇచ్చి మిగిలిపోయినవాళ్ల హక్ మాత్రం ఎవరికీ యాద్ లేదు. ఇవాళ శివార్లలో ఫ్లాట్ కొనే మనం ఆ జాగా నిన్నటిదాకా ఎవరిదో, కాగజ్‌లు సాఫ్‌గా ఉన్నాయో లేదో అడగాలి. ఇంట్లో బుజుర్గులు ఉంటే పాత మొహల్లా పేర్లు చెప్పించుకుని రాసి పెట్టండి. జనాభా లెక్కలో ఊరి పేరు పోయినా, మన కితాబులో అయినా మిగలాలి కదా.