అండమాన్ నికోబార్: రాజ్యాంగ సంస్కరణల అంచున ఒక ద్వీపసముదాయం

అండమాన్ అనగానే తెలుగు పాఠకునికి ముందుగా స్ఫురించేది ద్వీపాంతరవాస శిక్ష, సెల్యులార్ జైలు. ఆ కారాగార చరిత్ర వెనుక మరొక చరిత్ర ఉంది. అది శాసనాల చరిత్ర. భారతదేశానికి స్వపరిపాలన ఎంతవరకు ఇవ్వవచ్చునన్న విషయమై బ్రిటిష్ ప్రభుత్వంలో దశాబ్దాల పాటు వాదోపవాదాలు సాగాయి. ఆ వాదోపవాదాలలో ఈ ద్వీపాల ప్రస్తావన పలుమార్లు వచ్చింది. ద్వీపవాసుల అభిప్రాయం మాత్రం ఎన్నడూ రాలేదు.

1857 తిరుగుబాటు అనంతరం 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం ఏర్పడింది. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల ఫలితమైన 1919 చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వాన్ని ప్రవేశపెట్టింది. ఆ చట్టంతోపాటు వెలువడిన రాజ క్షమాభిక్ష వలన బారీంద్ర కుమార్ ఘోష్ వంటివారు 1920లో విముక్తులయ్యారు. ఖైదీలను ద్వీపాలకు పంపే విధానాన్ని విడనాడాలని 1919-20 నాటి జైళ్ళ విచారణ సంఘం సిఫారసు చేసింది. అయినా 1932లో రాజకీయ ఖైదీలను మళ్ళీ అక్కడికి పంపసాగారు. సంస్కరణ, అణచివేత రెండూ ఏకకాలంలో నడిచిన పాలన అది.

1935 భారత ప్రభుత్వ చట్టం ఈ ద్వీపాల భవితవ్యాన్ని మరింత స్పష్టంగా నిర్ణయించింది. ఆ చట్టం ననుసరించి 1937లో బర్మా, ఏడెన్ భారతదేశం నుండి విడిపోయాయి. అండమాన్ నికోబార్ దీవులు విడిపోలేదు. చట్టంలోని 94వ సెక్షన్ వాటిని ఢిల్లీ, అజ్మీర్-మేర్వాడా, కూర్గు తదితర ప్రాంతాల సరసన చీఫ్ కమిషనర్ రాష్ట్రంగా పేర్కొన్నది. శాసనసభ లేదు, మంత్రివర్గం లేదు. గవర్నర్ జనరల్ తరఫున చీఫ్ కమిషనరే పాలకుడు.

ఈ ఏర్పాటులోని వైరుధ్యం ఆ సంవత్సరమే బయటపడింది. రాష్ట్రాలలో ఎన్నికైన మంత్రివర్గాలు అధికారం చేపట్టిన కాలంలోనే, 1937 జూలై 24న, సెల్యులార్ జైలులోని రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష ప్రారంభించారు. ఖైదీలు రాష్ట్రాలకు చెందినవారు, జైలు కేంద్రపాలనలోనిది. ఇక వారికి జవాబుదారీ ఎవరు? దేశమంతటా ఆందోళన చెలరేగగా, 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ స్వదేశానికి చేర్చారు.

1942 మార్చి నుండి 1945 అక్టోబరు వరకు ద్వీపాలు జపాను ఆక్రమణలో ఉన్నాయి. ఈ అనుభవం బ్రిటిష్ సైనికాధిపతుల ఆలోచనను ప్రభావితం చేసింది. బంగాళాఖాతంలోని ఈ స్థావరాన్ని వదులుకోరాదని 1947లో వారు వాదించారు. భారతదేశానికి స్వాతంత్ర్యమిస్తామన్న అట్లీ లేబర్ ప్రభుత్వం ఎదుట ఇది నిజమైన పరీక్షగా నిలిచింది. సామ్రాజ్యాన్ని విడిచిపెడుతూ దాని కావలిగుళ్ళను మాత్రం అట్టిపెట్టుకోవచ్చునా? అటువంటి ప్రయత్నం భారత నాయకుల తీవ్ర ప్రతిఘటనకు దారితీస్తుందని మౌంట్‌బాటన్ హెచ్చరించారు. మరోవైపు, పాకిస్తాన్ ఉభయ భాగాల మధ్య సముద్రమార్గానికి ఈ దీవులు అవసరమని జిన్నా కోరారు. చివరకు రెండు వాదాలూ నెగ్గలేదు.

1947 జూలై 18న రాజముద్ర పొందిన భారత స్వాతంత్ర్య చట్టంలోని సూత్రం సరళమైనది: బ్రిటిష్ ఇండియాలో చేరి ఉండి, పాకిస్తాన్‌కు కేటాయించని ప్రాంతమంతా భారతదేశమే. 1935లో చీఫ్ కమిషనర్ రాష్ట్రంగా బ్రిటిష్ ఇండియాలో నిలిచిపోయినందువలననే ఈ ద్వీపాలు ఆ సూత్రం పరిధిలోకి వచ్చాయి. స్వపరిపాలనను నిరాకరించిన హోదాయే వాటిని స్వతంత్ర భారతంలో చేర్చింది.

1950 రాజ్యాంగంలో మొదటి షెడ్యూలు ‘డి’ భాగంలో నిలిచిన ఏకైక ప్రాంతం అండమాన్ నికోబారే. 1956 నవంబరు 1 నుండి అది కేంద్రపాలిత ప్రాంతమైంది. 1952లో తొలి లోక్‌సభకు నికోబారీ అయిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ నామినేట్ అయ్యారు. ద్వీపవాసులు ఓటువేసి తమ సభ్యుణ్ణి ఎన్నుకున్నది 1967లోనే. నాడు గెలుపొందినవారు కె.ఆర్. గణేశ్.

నేడు అక్కడ బెంగాలీ, తమిళ, హిందీ, మలయాళ భాషీయులతోపాటు తెలుగువారూ స్థిరపడి ఉన్నారు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న రాజధానిలోనూ తెలుగు వినిపిస్తుంది. వీరందరికీ పార్లమెంటులో ఒక స్థానం ఉంది, పంచాయతీలున్నాయి, శాసనసభ లేదు. జనసంఖ్య స్వల్పం, రక్షణావసరాలు అధికం, ఆదిమ తెగల సంరక్షణ అత్యవసరం అన్న వాదనలు తేలికగా కొట్టివేయదగినవి కావు. అయితే వ్యూహాత్మక ప్రాధాన్యం పేరిట ప్రజాభిప్రాయాన్ని పక్కనపెట్టే ధోరణి ఎక్కడిదో 1919, 1935, 1947 నాటి చర్చలు తెలియజేస్తున్నాయి. పాత హోదాను కొనసాగించేటప్పుడు అది ఎవరి అవసరాల కోసం రూపొందినదో గుర్తుంచుకోవడం పాలకులకూ, చరిత్ర పాఠకులకూ మేలు.