ఇరవై ఆరో కిలో

నెల్లూరు బియ్యం అంగళ్ళలో రెండు రకాల బస్తాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని మీద 25 కిలోలు అని, ఇంకోదాని మీద 26 కిలోలు అని అచ్చు వేసి ఉంటుంది. ఇరవై అయిదు అందరికీ తెలిసిన లెక్క, క్వింటాలుకు నాలుగు బస్తాలు. ఇరవై ఆరు అలా కుదరదు. క్వింటాలు నుంచి మూడు బస్తాలు తీస్తే ఇంకా 22 కిలోలు మిగులుతాయి. మరి ఆ ఒక్క కిలో ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు పాత కొలతలు చూశాను. పెన్నా డెల్టాలో కోవూరు, విడవలూరు వైపు ధాన్యం లెక్క ఇప్పటికీ పుట్టిలోనే చెబుతారు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. దాన్ని 25తో భాగిస్తే సరిగ్గా 34 వస్తుంది. 26తో భాగిస్తే 32 పోను 18 కిలోలు మిగులుతాయి. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే సుమారు 11.34 కిలోలు. రెండు మణుగులు 22.68 కిలోలు, మూడు మణుగులు 34.02 కిలోలు. ఏదీ 26కు రాదు. పాత కొలతల్లో జవాబు లేదు.

రెండో ఆధారం తరుగు. సంచి బరువూ రవాణాలో రాలేదీ కలిపి ఒక కిలో ఎక్కువ వేస్తారని ఒక వాదన. బస్తా మీది అచ్చే దీన్ని కొట్టేస్తుంది. అక్కడ ఉన్నది నికర బరువు. తూనికల చట్టం ప్రకారం నికర బరువులో సంచి బరువు కలపకూడదు. 26 అని వేశాక లోపల 26 కిలోల బియ్యం ఉండాలి. కాబట్టి అది తరుగు కింద వేసిన కిలో కాదు.

మిగిలింది పన్ను. జీఎస్టీ 2017 జూలై 1న మొదలైంది. బియ్యం మీద 5 శాతం పన్ను అప్పుడే ఉంది, కానీ అందరికీ కాదు. రిజిస్టరైన బ్రాండు పేరుతో సంచిలో కట్టి అమ్మితేనే పన్ను. బ్రాండు లేని బియ్యానికి లేదు. 2017 సెప్టెంబరు 9న హైదరాబాదులో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం ఈ నిబంధనను బిగించింది. 2017 మే 15 నాటికి రిజిస్టరై ఉన్న బ్రాండు ఆ తర్వాత రద్దయినా పన్ను తప్పదని తేల్చింది. ఈ కాగితాలన్నిటిలో పేరు గురించే ఉంది, బరువు గురించి లేదు. పది కిలోలైనా ఇరవై ఆరు కిలోలైనా రేటు ఒకటే. ఆ కాలపు పన్నులో 26కు కారణం దొరకదు.

2022లో ప్రమాణం మారింది. జూన్ 28, 29 తేదీల్లో చండీగఢ్‌లో మండలి సమావేశమైంది. జూలై 13న నోటిఫికేషన్ వచ్చింది, 18 నుంచి అమలైంది. బ్రాండు మాట తీసేసి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన సరుకు అన్న మాట పెట్టారు. ఇక్కడ ఒక వైరుధ్యం ఎదురైంది. 25 కిలోల దాకానే పన్ను అని అంగట్లో అందరూ చెబుతారు. ఆ నోటిఫికేషన్‌లో మాత్రం 25 అన్న అంకె లేదు.

అంకె మరో చట్టంలో ఉంది. ఏ ప్యాకెట్ మీద లేబుల్ తప్పనిసరో తెలుసుకోవడానికి నోటిఫికేషన్ 2009 నాటి తూనికల చట్టం వైపు చూపిస్తుంది. దాని కింద వచ్చిన 2011 నిబంధనల్లో మూడో నిబంధన, 25 కిలోలకు మించిన ప్యాకెట్లకు చిల్లర ప్యాకెట్ల షరతులు వర్తించవని చెబుతుంది. అదే నిబంధనలో వ్యవసాయ ఉత్పత్తుల బస్తాలకు 50 కిలోల హద్దు కూడా ఉంది. అయితే బియ్యానికి ఏ హద్దు? 2022 జూలై 17న, అమలుకు ఒక రోజు ముందు, కేంద్ర ఆర్థిక శాఖ ప్రశ్నోత్తరాల రూపంలో వివరణ ఇచ్చింది. బియ్యం, పప్పులు, పిండి వంటి వాటికి 25 కిలోలే హద్దని, అది దాటిన ఒంటి బస్తాకు పన్ను లేదని అందులో ఉంది. పది కిలోల సంచులు పదింటిని పెద్ద సంచిలో పెట్టినా పన్ను తప్పదని కూడా ఉంది.

హద్దు 25 అయితే 30 కిలోల బస్తా వేసినా పన్ను ఉండదు. మరి 26 ఎందుకు? జవాబు లెక్కలో ఉంది. కిలో 50 రూపాయలు అనుకుందాం. 25 కిలోలకు 1,250. దాని మీద 5 శాతం 62.50, అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. మొత్తం 1,312.50. 26 కిలోల బస్తా పన్ను లేకుండా 1,300. ఒక కిలో ఎక్కువ వచ్చి, పన్నెండున్నర రూపాయలు తక్కువ పడుతుంది. కిలో ధర ఎంతైనా 26 కిలోల బస్తాకే తక్కువ పడుతుంది. పన్నుతో కలిపి 25 కిలోల వెల, పన్ను లేని 26.25 కిలోల వెలతో సమానం. 26 ఆ గీతకు లోపల ఉంది, 27 బయట ఉంది. హద్దు దాటుతూనే మొత్తం వెల తగ్గే పూర్ణసంఖ్య 26 ఒక్కటే.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. పన్ను లేని సరుకు అమ్మేవారు సంచి మీద తాము కట్టిన పన్నును వెనక్కి తీసుకోలేరు. అది ధరలో కలిస్తే తేడా కొంత తగ్గుతుంది.

ఏ మిల్లు ఏ ఉద్దేశంతో ఈ బస్తా మొదలుపెట్టిందో ఈ కాగితాలు చెప్పవు, కాబట్టి నేనూ చెప్పను. ఇది ఎగవేత కాదని మాత్రం చెప్పగలను. ఆ బస్తాను పన్ను బయట ఉంచింది నిబంధనే. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో మండలి ఈ నిర్వచనాన్ని మార్చమని సిఫారసు చేసింది. అక్కడ 25 కిలోల హద్దు నేరుగా కనిపిస్తుంది.

తేలింది ఇది. ఒకేసారి 1,300 పెట్టగల ఇంటికి పన్ను పడదు. మైపాడు తీరంలో ఏ రోజు సంపాదన ఆ రోజే ఖర్చయ్యే ఇల్లు అయిదు కిలోల సంచి కొంటే పన్ను పడుతుంది. అలాంటివారికి అదే వివరణలో ఒక దారి ఉంది. దుకాణదారు బస్తా విప్పి విడిగా తూచి అమ్మే బియ్యానికి ఆ అమ్మకం మీద పన్ను లేదు. చిన్న సంచి మీద వేసిన ధరలో పన్ను ఎంతో తెలియాలంటే ఆ ధరను 21తో భాగించండి. ఆ తర్వాత విడి బియ్యం కిలో ఎంతో అడిగి, రెండూ పోల్చి కొనండి.