ఇంటి కంప్యూటర్‌లో వీడియో కుదింపు: వేగం పెరిగిన చరిత్ర (1974-2018)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వీడియోను ఎందుకు కుదించాలో లెక్కతో చూపగలుగుతారు.
• కుదింపు వేగం పెరిగిన దశలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• నష్టం లేకుండా వచ్చే వేగానికి, నాణ్యతను వదులుకొని తెచ్చుకునే వేగానికి తేడా చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

2000 ప్రాంతంలో పెళ్లి క్యాసెట్‌ను సీడీకి ఎక్కించాలంటే కంప్యూటర్ గంటల తరబడి పనిచేయవలసి వచ్చేది. ఇప్పుడు చేతిలోని ఫోన్ చిత్రీకరిస్తూనే వీడియోను కుదించి దాచుకుంటోంది. ఈ మార్పుకు కారణం అడిగితే చిప్‌ల వేగం పెరిగిందని చాలామంది చెబుతారు. అది సగం సమాధానమే. ఏ లెక్కను చేయకుండా వదిలిపెట్టవచ్చో పరిశోధకులు కనుక్కోవడం మిగతా సగం. ఈ రెండింటినీ వేరుచేసి చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా సమస్య ఎంత పెద్దదో చూద్దాం. మన దేశపు టెలివిజన్ పద్ధతిలో డిజిటల్ చిత్రం అడ్డంగా 720, నిలువుగా 576 పిక్సెళ్లు ఉంటుంది. రంగుల వివరాన్ని తగ్గించి రాసినా ఒక్క ఫ్రేమ్‌కు 6,22,080 బైట్లు కావాలి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన గంట వీడియోకు దాదాపు 56 గిగాబైట్లు అవుతాయి. 650 మెగాబైట్లు పట్టే సీడీలైతే 80కి పైగా కావాలి. కుదించకుండా ఇంట్లో వీడియో దాచుకోవడం అసాధ్యమని దీనివల్ల తెలుస్తుంది.

2. గణిత పునాది

1974 జనవరిలో ముగ్గురు పరిశోధకులు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతిని ప్రచురించారు. వారు బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నసీర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి టెక్సాస్‌లో ఆచార్యుడైన కామిశెట్టి రామమోహనరావు.

ఈ పద్ధతి చిత్రంలోని చిన్న గడిని స్థూల వివరంగా, సూక్ష్మ వివరంగా విడగొడుతుంది. కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మ వివరాన్ని ముతకగా రాస్తే స్థలం కలిసివస్తుంది. 1977లో చెన్, స్మిత్, ఫ్రాలిక్ ఇదే లెక్కను చాలా తక్కువ గుణకారాలతో పూర్తిచేసే మార్గం చూపారు. ఫలితం మారకుండా శ్రమ తగ్గింది. దీనిని మనం "నష్టం లేని వేగం" అని పిలుద్దాం.

3. ప్రమాణం ఇచ్చిన స్వేచ్ఛ

1988లో ఏర్పడిన ఎంపెగ్ అనే అంతర్జాతీయ బృందం తన మొదటి ప్రమాణాన్ని 1993లో వెలువరించింది. వీడియో సీడీలు దీని ఆధారంగానే వచ్చాయి. ఇక్కడ ఒక విధాన నిర్ణయాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలి. కుదించిన ఫైలు ఏ రూపంలో ఉండాలో, దానిని ఎలా విప్పి చూపాలో మాత్రమే ప్రమాణం నిర్దేశించింది. ఎలా కుదించాలో చెప్పలేదు.

అందువల్ల ప్లేయర్‌లన్నీ ఒకే నియమానికి కట్టుబడి ఉండగా, కుదించే ప్రోగ్రామ్ రాసేవారికి పూర్తి స్వేచ్ఛ దొరికింది. పాత ప్లేయర్‌ను మార్చకుండానే కొత్త, వేగమైన ప్రోగ్రామ్ తయారుచేయవచ్చు. ఆ తరువాత వచ్చిన పోటీకంతటికీ ఈ నిర్ణయమే చోటిచ్చింది.

4. అసలు భారం: చలన అన్వేషణ

వీడియోలో ఒక ఫ్రేమ్‌కూ తరువాతి ఫ్రేమ్‌కూ తేడా సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. కాబట్టి ప్రతి గడికీ పాత ఫ్రేమ్‌లో సరిపోలే చోటు వెతికి, అది ఎంత కదిలిందో, మిగిలిన తేడా ఏమిటో రాస్తే సరిపోతుంది. కంప్యూటర్ సమయంలో పెద్ద భాగం ఈ వెతుకులాటకే పోతుంది.

వీడియో సీడీ ఫ్రేమ్ (352×288)లో 16×16 పిక్సెళ్ల గడులు 396 ఉంటాయి. ఒక్కో గడిని నాలుగు వైపులా 16 పిక్సెళ్ల మేర వెతికితే 1,089 స్థానాలు చూడాలి. ఒక్కో స్థానంలో 256 తీసివేతలు చేయాలి. సెకనుకు 25 ఫ్రేములకు ఇవి దాదాపు 276 కోట్లు. 1993 నాటి 66 మెగాహెర్ట్జ్ పెంటియం గడియారం సెకనుకు 6.6 కోట్ల సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. ఒక్కో కొట్టుకు ఒక తీసివేత జరిగిందనుకున్నా గంట వీడియోకు 42 గంటలు పడుతుంది.

దీనికి పరిష్కారం గృహ కంప్యూటర్లలో వీడియో రాకముందే సిద్ధమైంది. 1981లో జపాన్‌కు చెందిన కోగా బృందం "మూడు అంచెల అన్వేషణ"ను ప్రతిపాదించింది. ముందు దూరదూరంగా తొమ్మిది చోట్ల చూసి, బాగా కుదిరిన చోటి చుట్టూ దగ్గరగా ఎనిమిది చోట్ల, చివరగా ఇంకా దగ్గరగా మరో ఎనిమిది చోట్ల చూస్తారు. ఏడు పిక్సెళ్ల పరిధిలో 225 స్థానాల బదులు 25 చూస్తే చాలు. 2000లో ఝూ, మా ప్రచురించిన వజ్రాకార అన్వేషణ ఇదే దారిలో మరో మెట్టు.

అయితే ఈ వేగానికి మూల్యం ఉంది. అన్వేషణ తప్పు దారి పడితే అసలైన జోడీ దొరకదు. మిగిలిన తేడా పెరిగి ఫైలు పెద్దదవుతుంది. ఫైలును పెరగనివ్వకపోతే బొమ్మ చెదురుతుంది. ఇది "మూల్యం చెల్లించే వేగం".

5. ప్రాసెసర్ల తోడ్పాటు

1997లో ఇంటెల్ సంస్థ ఎంఎంఎక్స్ సౌకర్యం గల పెంటియంను విడుదల చేసింది. ఒకే ఆదేశంతో ఎనిమిది పిక్సెళ్లపై లెక్క చేయడం దీని ప్రత్యేకత. 1999లో పెంటియం 3తో వచ్చిన ఒక ఆదేశం ఎనిమిది జతల తేడాలనూ తీసి, గుర్తులు వదిలి, మొత్తం కూడేది. చలన అన్వేషణకు కావలసింది సరిగ్గా అదే. 2000లో ఈ వెడల్పు 16 బైట్లకు, 2013లో 32 బైట్లకు పెరిగింది. ఇదంతా నష్టం లేని వేగమే.

2005లో రెండు కోర్ల ప్రాసెసర్లు ఇళ్లలోకి వచ్చాయి. కానీ చాలా ఫ్రేములు వెనుకటి ఫ్రేములపై ఆధారపడతాయి కనుక పనిని పంచడం సులువు కాదు. 1967లో జీన్ ఆమ్డాల్ చేసిన వాదన ఇక్కడ వర్తిస్తుంది. పనిలో 80 శాతమే పంచుకోగలిగితే, నాలుగు కోర్లు పెట్టినా వేగం రెండున్నర రెట్లే అవుతుంది. వెనుకటి ఫ్రేమ్ పై వరుసలు పూర్తికాగానే తరువాతి ఫ్రేమ్ మొదలుపెట్టడం ఈ చిక్కును చాలావరకు తీర్చింది.

6. ఉమ్మడి కృషి

2003లో హెచ్.264 ప్రమాణం వెలువడింది. అది ఎక్కువ కుదిస్తుంది, అందుకు ఎక్కువ లెక్కలూ కావాలి. దానికోసం లోరాన్ ఎమార్ మొదలుపెట్టిన ఎక్స్264 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను లోరెన్ మెరిట్, జేసన్ గారెట్-గ్లేసర్ తదితరులు అభివృద్ధి చేశారు. ఎక్కువగా వాడే భాగాలను యంత్ర భాషకు దగ్గరగా చేతితో రాశారు.

వేగానికి, నాణ్యతకు మధ్య బేరాన్ని వాడుకరి చేతికే ఇవ్వడం వీరి ముఖ్య విజయం. "అల్ట్రాఫాస్ట్" నుంచి "ప్లసీబో" వరకు పది మెట్లు పెట్టారు. ప్లసీబో అంటే మందు లేని మాత్ర. అక్కడ సమయం విపరీతంగా ఖర్చవుతుంది, ప్రయోజనం దాదాపు కనిపించదు. ఆ పేరు పెట్టడమే ఒక హెచ్చరిక.

7. ప్రత్యేక యంత్రభాగాలు

2011లో ఇంటెల్ క్విక్ సింక్, 2012లో ఎన్విడియా ఎన్‌వెంక్ వచ్చాయి. ఇవి కుదింపు కోసమే చిప్‌లో కేటాయించిన భాగాలు. వేగం బాగా పెరిగింది, కరెంటు ఆదా అయింది. కానీ తొలి తరాలలో, ఒకే పరిమాణపు ఫైలులో, నిదానంగా నడిపిన ఎక్స్264 నాణ్యతను ఇవి అందుకోలేదు. 2018లో వెలువడిన ఏవీ1 ప్రమాణంతో చరిత్ర పునరావృతమైంది. మొదట్లో దాని ప్రోగ్రామ్ భరించలేనంత నిదానంగా ఉండేది. మళ్లీ అన్వేషణను కుదించే ఉపాయాలు, పనిని కోర్లకు పంచే పద్ధతులే దానిని గట్టెక్కించాయి.

8. చరిత్ర విద్యార్థికి దీని ప్రాముఖ్యం

కుదింపులో పోయిన వివరం తిరిగి రాదు. ఒక గ్రామ జాతర, ఒక వృద్ధ కళాకారుని ప్రదర్శన ఉన్న క్యాసెట్‌ను తక్కువ బిట్లతో, అత్యంత వేగమైన మెట్టులో కుదించి, ఆపై క్యాసెట్‌ను పారేస్తే, రేపటి పరిశోధకునికి మిగిలేది చెదిరిన గడులే. రెండు గంటలు ఆదా చేసిన తొందర ఒక ప్రాథమిక ఆధారాన్ని శాశ్వతంగా బలహీనపరుస్తుంది. అందుచేత భద్రపరచవలసిన దానికి నిదానమైన మెట్టు, ఉదారమైన ఫైలు పరిమాణం ఎంచుకోవాలి. మూలాన్ని వీలైనంతకాలం ఉంచాలి. కుదించిన దానినే మళ్లీ మళ్లీ కుదించరాదు. స్నేహితునికి పంపే పాఠానికైతే వేగమైన మెట్టు చాలు.

9. సారాంశం

ఇంటి కంప్యూటర్‌లో కుదింపు వేగం మూడు మార్గాలలో పెరిగింది: అదే లెక్కను తెలివిగా చేయడం, ఎక్కువ లెక్కలను ఒకేసారి చేయడం, కొన్ని లెక్కలను మానేయడం. మొదటి రెండింటిలో నష్టం లేదు, ఉన్నా స్వల్పం. మూడవదానికి నాణ్యతతోనో, స్థలంతోనో మూల్యం చెల్లించాలి. కుదించే పద్ధతిని ప్రమాణం స్వేచ్ఛగా వదలడం వల్లనే ఈ మార్గాలన్నీ తెరుచుకున్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎంపెగ్ ప్రమాణం దేనిని నిర్దేశించింది, దేనిని వదిలివేసింది? దాని ఫలితం ఏమిటి?
2. మూడు అంచెల అన్వేషణలో 225 స్థానాలు 25కు ఎలా తగ్గుతాయి?
3. పనిలో 90 శాతం పంచుకోగలిగితే, నాలుగు కోర్లతో వేగం ఎన్ని రెట్లు అవుతుంది?
4. మీ ఊరి పాత వీడియో ఒకదానిని భద్రపరచవలసివస్తే ఏ మెట్టు ఎంచుకుంటారు? కారణాలు రాయండి.