డిస్కు బ్రేకుల శబ్దములు

కారు డిస్కు బ్రేకులలో, చక్రముతో పాటు తిరుగు పోత ఇనుప డిస్కును రెండు ప్యాడ్లు ఇరువైపుల నుండి నొక్కి పట్టుట వలన వేగము తగ్గును. ప్యాడ్లను నొక్కు భాగమును క్యాలిపర్ అందురు. వీటి నడుమ పుట్టు శబ్దములలో కొన్ని నిరపాయమైనవి, కొన్ని బండిని వెంటనే ఆపవలసినంత ప్రమాదకరమైనవి. శబ్దము ఎంత బిగ్గరగా ఉన్నది అనుదాని కంటె, అది ఎప్పుడు వచ్చుచున్నది, బ్రేకు నొక్కగానే ఏమగుచున్నది అనునవి ముఖ్యము.

చరిత్ర

ఈ రొద డిస్కు బ్రేకుతో పాటే పుట్టినది. ఇంగ్లాండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో దీనికి పేటెంటు పొందెను. ఆయన వాడిన రాగి ప్యాడ్లు డిస్కును తాకినప్పుడు భరింపరాని ధ్వని వచ్చెడిది. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ పొరతో దానిని తగ్గించెను. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు హానికరమని తేలిన పిదప అనేక దేశములు దానిని విడిచిపెట్టినవి.

శబ్దములు, కారణములు

రాత్రి వానలో నిలిపిన కారు ఉదయము కదలగానే గరగరలాడుట సహజము. డిస్కుపై పట్టిన పలుచని తుప్పు నాలుగైదు సార్లు బ్రేకు వేయగానే రాలిపోవును.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే కీచుమను ధ్వని వచ్చినచో, అది సాధారణముగా ప్యాడు సెకనుకు వేలసార్లు కంపించుట వలన కలుగును. వేడికి ప్యాడు ముఖము గాజువలె నునుపెక్కినను, దాని వెనుకనుండు పలుచని రేకు ఊడినను ఇది హెచ్చును. ప్యాడు మందము చాలినంత ఉన్నచో ఇది చెవులకు బాధయే గాని పెద్ద ప్రమాదము కాదు.

బ్రేకు వేయకున్నను, చక్రము తిరుగుచున్నంతసేపు సన్నని కీచు వినవచ్చినచో అరుగుదల సూచికను అనుమానింపవలెను. ప్యాడు మందము సుమారు 2–3 మి.మీ.కు తగ్గినప్పుడు డిస్కును రాయునట్లు అమర్చిన ఉక్కు రేకు ఇది. బ్రేకు నొక్కగానే ఈ ధ్వని ఆగిపోవుట కూడ కలదు. అందుచేత చాలమంది బ్రేకులు బాగుగనే ఉన్నవని పొరబడుదురు. అశ్రద్ధ చేసినచో ప్యాడు పూర్తిగా అరిగి, వెనుకనున్న ఇనుప పలకయే డిస్కును గీయును. అప్పుడు బ్రేకు వేసినప్పుడెల్ల ఇనుము ఇనుమును గీరు మోటు ధ్వని వచ్చును, డిస్కుపై గాడులు పడును, బండి ఆగు దూరము పెరుగును. ఆ స్థితిలో కారును నడపరాదు. అన్ని కార్లలోను ఈ రేకు ఉండదు. కొన్నింటిలో దీనికి బదులు హెచ్చరిక దీపము వెలుగును.

గతుకులలో టకటకలాడి, బ్రేకును మెల్లగా నొక్కగానే ఆగినచో ప్యాడును పట్టియుంచు క్లిప్పులు వదులైనవని అనుమానింపవచ్చును. మలుపులలో హెచ్చుతగ్గులగు హోరు తరచుగా వీల్ బేరింగుది, బ్రేకుది కాదు.

పరీక్ష

చక్రపు సందులలో నుండి వెలుపలి ప్యాడును మాత్రమే చూచి తృప్తిపడరాదు. క్యాలిపర్ జారు పిన్నులు బిగిసినచో లోపలి ప్యాడే ముందు అరుగును, కనుక చక్రము విప్పి చూడవలెను. జాకీపై మాత్రమే నిలిపిన కారు క్రింద చేయి పెట్టరాదు, స్టాండు తప్పనిసరి. శబ్దము పోవునని డిస్కుకు గాని ప్యాడు ముఖమునకు గాని నూనె పూయుట మిక్కిలి అపాయకరము. శబ్దముతో పాటు బ్రేకు పట్టు కూడ పోవును.