మడకశిర సీమలో ప్రభుత్వ ట్యాబ్‌లు: నెట్‌వర్క్ పొదుపు చరిత్ర

పూర్వపు అనంతపురం జిల్లా దక్షిణ కొసన, మూడు వైపులా కర్ణాటక సరిహద్దు చుట్టుకొని ఉన్న కరువు మెరక మడకశిర ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. గత పదేళ్లలో ఆంధ్రప్రదేశ్‌లోని ఇతర ప్రాంతాల్లాగే ఇక్కడి పల్లెలకు కూడా ఆరోగ్య, విద్యా, సంక్షేమ సేవలు క్రమంగా ఫోన్లు, ట్యాబ్‌ల మీదికి మారాయి. అయితే పరికరాన్ని ఒకసారి పంచినంత మాత్రాన పని ముగియదు. అందులోని యాప్‌ను తరచూ మారుస్తూ ఉండాలి, ఆ మార్పు లక్షల పరికరాలకు చేరాలి. నెట్‌వర్క్ ఒక నిర్ణీత వ్యవధిలో మోయగల సమాచార పరిమాణాన్ని బ్యాండ్‌విడ్త్ అంటారు. పరిమితమైన ఆ సామర్థ్యాన్ని పొదుపుగా వాడుకోవడానికి సాగిన ప్రయత్నాలకు స్పష్టమైన చరిత్రే ఉంది.

ఈ చరిత్రలో తొలి ఘట్టం ఆరోగ్య రంగానిది. గ్రామాల్లో తల్లీబిడ్డల వివరాలు నమోదు చేసే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్‌ఎంల కోసం రూపొందిన ‘అన్‌మోల్’ ట్యాబ్ యాప్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైంది. సిగ్నల్ లేని చోట వివరాలను ట్యాబ్‌లోనే భద్రపరచి, నెట్ దొరికినప్పుడు కేంద్ర సర్వర్‌కు పంపడం దాని పద్ధతి. నెట్‌వర్క్ నిరంతరం ఉంటుందన్న భ్రమ లేకుండా, ఉండదన్న ఎరుకతోనే ఆ యాప్ నిర్మాణం జరిగింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైన తరువాత ప్రభుత్వ పని కోసం వాడే ఫోన్లు, వాటిలోని యాప్‌లు మరింత పెరిగాయి.

యాప్‌ను తక్కువ బరువుతో పంపే విద్య మాత్రం అంతకు చాలా ముందే పుట్టింది. రెండు ఫైళ్లను పోల్చి తేడాను మాత్రమే పంపే ‘ఆర్‌సింక్’ను ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో విడుదల చేశారు. ప్రోగ్రామ్ ఫైళ్ల మధ్య తేడాను చిన్న ముక్కగా కుదించే ‘బీఎస్‌డిఫ్’ను కాలిన్ పెర్సివల్ 2003లో రూపొందించాడు. ఇదే సూత్రాన్ని 2012లో గూగుల్ తన యాప్ దుకాణంలో ప్రవేశపెట్టినప్పుడు, కొత్త వెర్షన్ కోసం పంపవలసిన సమాచారం సగటున మొత్తం యాప్ పరిమాణంలో మూడో వంతుకు తగ్గింది. 2016 డిసెంబరులో ప్రకటించిన మరో పద్ధతి ఆ భారాన్ని ఇంకా తగ్గించింది గాని, పాత యాప్‌ను విప్పి, వచ్చిన ముక్కతో కలిపి, మళ్లీ కుదించడానికి పరికరం ఎక్కువ శ్రమించవలసి రావడంతో, దానిని తెర వెనుక జరిగే ఆటోమేటిక్ అప్‌డేట్లకే పరిమితం చేశారు.

ఈ పొదుపు విలువ 2022 డిసెంబరు 21న మొదలైన ట్యాబ్‌ల పంపిణీలో ప్రస్ఫుటమవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లోని 4,59,564 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు ‘బైజూస్’ అనే విద్యా సంస్థ పాఠాలతో కూడిన ట్యాబ్‌లు ఇవ్వాలని సంకల్పించినప్పుడు, ఆ పాఠాలను నెట్ ద్వారా పంపకుండా మెమరీ కార్డులో ముందే నింపి ఇచ్చారు. అందువల్ల నెట్ లేని ఇంట్లోనూ పాఠం తెరుచుకునే వీలు కలిగింది. అవాంఛనీయ యాప్‌లను అడ్డుకోవడానికి, పరికరాల తీరును ఒకే చోటి నుంచి గమనించడానికి మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను కూడా వాటిలో అమర్చారు. పాఠాలు కార్డులో ఉన్నా, యాప్ మార్పులు నెట్ మీదే రావాలి. 50 ఎంబీల యాప్ ఒక్కటి విద్యార్థుల ట్యాబ్‌లన్నిటికీ చేరాలంటే దాదాపు 23 టెరాబైట్లు, అంటే 2.3 కోట్ల ఎంబీల సమాచారం నెట్‌వర్క్ మీద ప్రయాణించాలి. తేడాను మాత్రమే పంపి అది మూడో వంతుకు తగ్గినా, ఒక్క అప్‌డేట్‌తోనే 15 టెరాబైట్లు మిగులుతాయి.

పంపే పరిమాణంతో పాటు పంపే వేళ కూడా ముఖ్యమే. చెరువు నీటిని అన్ని మళ్లకూ ఒకేసారి వదలకుండా వంతులవారీగా పారించినట్లే, కొత్త వెర్షన్‌ను మొదట కొద్ది శాతం పరికరాలకు, తరువాత మిగిలినవాటికి విడుదల చేసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. పైన చెప్పిన నియంత్రణ సాఫ్ట్‌వేర్ కింద ఉన్న ఆండ్రాయిడ్ పరికరాల్లో, ప్రత్యేక ఆదేశం లేనప్పుడు, వైఫై అందుబాటులో ఉండి, చార్జింగ్ జరుగుతూ, ఎవరూ వాడని సమయంలోనే యాప్‌లు మారతాయి. వైఫై లేని పల్లెలో ఈ నియమం పొదుపుకు బదులు జాప్యానికి దారితీస్తుంది. అందుచేత వైఫై ఉన్న బడినో సచివాలయాన్నో అప్‌డేట్ కేంద్రంగా ఎంచుకోవడం అవసరమవుతుంది.

మడకశిరకు ప్రత్యేకంగా వర్తించే అంశం భాష. అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు నొళంబ పల్లవుల రాజధాని. వారి శాసనాలు ప్రధానంగా కన్నడంలో ఉన్నాయి, నేటికీ ఈ సీమలో తెలుగు, కన్నడం రెండూ ఇంటి భాషలే. గూగుల్ 2018లో ప్రకటించిన ‘యాప్ బండిల్’ పద్ధతి, పరికరం సెట్టింగుల్లో ఎంచుకున్న భాషలకు చెందిన భాగాలనే పంపి బరువు తగ్గిస్తుంది. ట్యాబ్‌ను ఇంగ్లీషుకే అమర్చి ఇచ్చిన చోట, యాప్‌లో తెలుగు, కన్నడ భాగాలు సిద్ధంగా ఉన్నప్పటికీ అవి మొదటి డౌన్‌లోడ్‌లో రాకుండా పోయే అవకాశం ఉంది. కాబట్టి సరిహద్దు మండలాల్లో రెండు భాషలనూ ముందుగానే సెట్టింగుల్లో చేర్చడం పొదుపుకు అడ్డంకి కాదు, ఆ పొదుపును సక్రమంగా అమలు చేయడమే అవుతుంది.

కార్డులో నింపిన పాఠం నెట్ అవసరాన్ని తగ్గిస్తుంది గాని, కాలక్రమంలో పాతబడుతుంది. నెట్‌లో వచ్చే పాఠం తాజాగా ఉంటుంది గాని, సిగ్నల్ లేని ఇంటికి చేరదు. ముందుగా నింపడం, తేడానే పంపడం, వంతులవారీగా విడుదల చేయడం అనే మూడింటినీ కలిపినప్పుడే ఇలాంటి ప్రాంతంలో పథకం నిలుస్తుంది. ఆ పొదుపును పథకం రచించే దశలోనే లెక్కలోకి తీసుకోవడం ప్రభుత్వ బాధ్యత. అలా చేయకపోతే ఆ డేటా ఖర్చు చివరకు పల్లె ఉద్యోగి మీదా, విద్యార్థి ఇంటి మీదా పడుతుంది.